చట్టం అడిగిన శుల్కం

పెళ్లి – ధర్మం – చట్టం: 6వ భాగం

(గత భాగంలో: 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు తొలి వితంతు వివాహం జరిపించారు. పురోహితులు ముఖం చాటేశారు. బంధువులు వెలివేశారు. విద్యార్థులు కాపలా కాశారు. అన్ని అవాంతరాల నడుమా పంతులు గారికి అండగా నిలిచింది 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం. ఇక చదవండి.)

1898 డిసెంబరులో మద్రాసులో ఓ పెళ్లి జరిగింది. వధువుది హైదరాబాదులో స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం. వయసు 19. వరుడు తెలుగువాడు, డాక్టరు, బ్రాహ్మణేతరుడు. పెళ్లి జరిపించిన పెద్దమనిషి వీరేశలింగం పంతులు గారు. అప్పటిదాకా సరోజినీ చట్టోపాధ్యాయగా ఉన్న ఆ అమ్మాయి, గోవిందరాజులు నాయుడు గారి చెయ్యి పట్టుకుని సరోజినీ నాయుడు అయింది.

కులం వేరు, భాష వేరు, ప్రాంతం వేరు. అయినా చివరికి ఇంట్లో ఒప్పుకున్నారు. వధువు తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయ ఎడింబరోలో డాక్టరేటు చేసి వచ్చిన శాస్త్రవేత్త, తర్వాత నిజాం కళాశాలగా ఎదిగిన విద్యాసంస్థకు ఆద్యుడు, బ్రహ్మసమాజ భక్తుడు. తన కూతురి పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టాన్ని నిజాం రాజ్యంలోనూ అమలు చేయాలని పట్టుబట్టిన మనిషి ఆయన. బ్రిటిషు ఇండియా సరిహద్దు దాటితే ఆ చట్టం చెల్లదు మరి.

ఆ చట్టం పేరు 1872 నాటి 3వ చట్టం. బెంగాల్లో జనం దాన్ని ముద్దుగా ‘తీన్ ఆయిన్’ అన్నారు. మూడో చట్టం పెళ్లి అంటే అక్కడ అందరికీ అర్థమయ్యేది. కులాంతరమైనా, వితంతువైనా, హోమం లేకపోయినా, పురోహితుడు రాకపోయినా సరే, రిజిస్ట్రారు ముందు ముగ్గురు సాక్షుల ఎదుట ఒకరినొకరు స్వీకరించామని చెబితే పెళ్లి చెల్లుతుంది. కాకపోతే అంతకు ముందు వధూవరులిద్దరూ ఒక ప్రకటన మీద సంతకం పెట్టాలి. దాని సారాంశం ఇది: నేను క్రైస్తవ, యూదు, హిందూ, మహమ్మదీయ, పార్సీ, బౌద్ధ, సిక్కు, జైన మతాలలో దేన్నీ అవలంబించడం లేదు.

అబద్ధమని తెలిసీ సంతకం పెడితే? దానికీ ఆ చట్టంలో ఒక సెక్షను ఉంది. శిక్షాస్మృతి 199వ సెక్షను కింద నేరం, అబద్ధపు సాక్ష్యం చెప్పినవాడికి పడే శిక్షే పడుతుంది.

గురజాడ ‘కన్యాశుల్కం’ అచ్చయింది సరోజిని పెళ్లికి ముందు ఏడాది, 1897లో. పిల్లనిచ్చి తండ్రి పుచ్చుకునే శుల్కం గురించి తెలుగునాట అందరూ మాట్లాడుకుంటున్న రోజులవి. ప్రభుత్వమే పెళ్లికి ఒక శుల్కం పెట్టిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అది రూపాయల్లో చెల్లించేది కాదు. పుట్టిన మతాన్ని కాదని రాసివ్వాలి.

ఆ ప్రకటనలోని వాక్యాన్ని రాసిందెవరు? మతమంటే గిట్టనివాళ్లు కాదు. మతాల జోలికి వెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్న ప్రభుత్వమే రాసింది. ఆ కథే ఈ వారం.

సాలగ్రామం లేని పెళ్లి

రామ్మోహన్ రాయ్ 1828లో కలకత్తాలో బ్రహ్మసమాజానికి అంకురార్పణ చేశారు. దేవుడొక్కడే, ఆయనకు రూపం లేదు, విగ్రహానికి మొక్కకూడదు. ప్రార్థనా మందిరంలో ఇది పాటించడం తేలిక. చిక్కంతా ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడే. మన పెళ్లిలో అగ్ని సాక్షి, సాలగ్రామం సాక్షి, నవగ్రహాలకు పూజ, గణపతికి తొలి పూజ. విగ్రహాన్ని నమ్మనివాడు ఆ పీటల మీద ఎలా కూర్చుంటాడు?

రవీంద్రనాథ్ ఠాగూర్ తండ్రి దేవేంద్రనాథ్‌కు ఈ చిక్కు 1861లో ఎదురైంది. రవీంద్రుడు పుట్టిన ఏడాది అది. ఆ జులైలోనే దేవేంద్రనాథ్ కుమార్తె సుకుమారికి పెళ్లి. ఆయన నడిమి మార్గం పట్టారు. సాలగ్రామం తీసేశారు, హోమం తీసేశారు. కన్యాదానం ఉంచారు, ఏడడుగులు ఉంచారు. చూసేవాళ్లకు అది హిందూ పెళ్లిలాగే ఉండాలి, చేసుకునేవాళ్ల మనసుకు విగ్రహారాధన తగలకూడదు. ఈ సర్దుబాటు ఆయనకు తృప్తినిచ్చింది.

కేశవచంద్ర సేన్‌కు అది చాలలేదు. 1857లో సమాజంలో చేరిన ఈ యువకుడు మాటల మాంత్రికుడు. 1864లో ఆయన మద్రాసు వచ్చి ఉపన్యాసాలిచ్చి వెళ్లిన వెంటనే అక్కడ వేద సమాజం పుట్టిందంటే ఆ మాటల బలం తెలుస్తుంది. కులం వదలాలి, జంధ్యం తెంచాలి, కులాంతర వివాహాలు జరగాలి అన్నది కేశవుని పట్టు. దేవేంద్రనాథ్ అంత దూరం రాలేనన్నారు. 1866లో సమాజం చీలింది. కేశవుడిది భారతవర్షీయ బ్రహ్మసమాజం, పెద్దాయనది ఆది బ్రహ్మసమాజం అయ్యాయి.

కేశవుని వర్గంలో కొత్త పెళ్లిళ్లు మొదలయ్యాయి. ప్రార్థన, ప్రమాణం, ఆశీస్సు. అంతే పెళ్లి. కొందరు కులం దాటి చేసుకున్నారు, కొందరు వితంతువులను చేసుకున్నారు. అంతా బాగానే ఉంది కానీ, పిల్లలు పుట్టి, ఆస్తులు పంచుకునే రోజు వస్తే ఈ పెళ్లి పెళ్లేనా అన్న అనుమానం వచ్చింది. కలకత్తాలో ప్రభుత్వ న్యాయవాది, అడ్వకేట్ జనరల్‌ను అడిగారు. ఆయన తేల్చి చెప్పేశారు: హిందూ పద్ధతి కాదు, ముస్లిం పద్ధతి కాదు, మరే చట్టమూ గుర్తించిన పద్ధతి కాదు, కాబట్టి ఈ పెళ్లి చెల్లదు.

అంటే నిష్ఠగా, ఏకపత్నీవ్రతంతో కాపురం చేస్తున్న దంపతులు చట్టం దృష్టిలో దంపతులే కారు. వాళ్ల పిల్లలకు తండ్రి ఆస్తి మీద హక్కు అనుమానమే.

అందరికీ ఒకే తలుపు

బ్రిటిషు ఇండియాలో అప్పటికి పార్సీలకు 1865లో తమ పెళ్లి చట్టం తమకు వచ్చింది. క్రైస్తవులకు ఉంది. హిందువుకు ధర్మశాస్త్రం, ముస్లిముకు షరియత్. ఏ గూటి పక్షికి ఆ గూడు. ఏ గూటికీ చెందనివాడు ఎక్కడ వాలాలి?

కేశవుని అనుచరులు 1868లో ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. అప్పుడు వైస్రాయి మండలిలో న్యాయ సభ్యుడు సర్ హెన్రీ మెయిన్. ప్రాచీన న్యాయవ్యవస్థల మీద ప్రపంచం మెచ్చిన గ్రంథం రాసిన పండితుడు. ఆయన బ్రహ్మసమాజం పేరెత్తకుండా అందరికీ ఒకే తలుపు తెరుద్దామనుకున్నారు. తమ మతం పెళ్లి తంతు తమ మనసుకు విరుద్ధమని చెప్పే క్రైస్తవేతరులెవరైనా రిజిస్ట్రారు దగ్గర పెళ్లి చేసుకోవచ్చు. బిల్లు సారాంశం ఇదే.

ఆ ముసాయిదాను అభిప్రాయం కోసం రాష్ట్ర ప్రభుత్వాలన్నిటికీ పంపారు. దాదాపు అన్ని చోట్ల నుంచీ వద్దనే జవాబు వచ్చింది. కారణం ఊహించడం కష్టం కాదు. 1857 తిరుగుబాటు గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ప్రజల మత విశ్వాసాలలో జోక్యం చేసుకోబోమని 1858లో విక్టోరియా రాణి ప్రకటన చేసి పదేళ్లు. ఇప్పుడు హిందువుగా ఉంటూనే హిందూ ధర్మం ఒప్పుకోని పెళ్లి చేసుకోవచ్చంటే, ఇంట్లో పెద్దవాళ్ల మాట ఏం కాను? ఉమ్మడి ఆస్తి ఏం కాను? శ్రాద్ధం పెట్టే కొడుకు ఏం కాను?

గమనించండి, రెండు పక్షాలూ వాడిన మాట మతస్వేచ్ఛే. నా మనసు ఒప్పని తంతు నాతో చేయించకండి, అది నా మతస్వేచ్ఛ అన్నాడు బ్రహ్మసమాజ యువకుడు. మా ఇంటి ఆచారంలో సర్కారు వేలు పెట్టకూడదు, అది మా మతస్వేచ్ఛ అన్నాడు వాడి తండ్రి. ఒకరిది మనిషి హక్కు, ఇంకొకరిది సంఘం హక్కు. ఒకే ఇంట్లో, ఒకే వసారాలో ఈ రెండూ తలపడ్డాయి.

‘మేం బయటివాళ్లం కాము’

మెయిన్ 1869లో ఇంగ్లండు వెళ్లిపోయారు. ఆ కుర్చీలోకి జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ వచ్చారు. మన కోర్టుల్లో తరతరాలు వల్లెవేసిన 1872 సాక్ష్యాధారాల చట్టం ఈయన చేతి పనే. స్టీఫెన్‌ది సూటి మనిషి తీరు. అందరికీ తలుపు తెరిస్తేనే కదా గొడవ, అడిగింది బ్రాహ్ములే (బ్రహ్మసమాజీకులే) కాబట్టి బ్రాహ్ములకే తెరుద్దాం అన్నారు. 1871లో బ్రహ్మ వివాహ బిల్లు తయారైంది.

కేశవుడు ఈలోగా ఇంకో పని చేశారు. ఆడపిల్లకు పెళ్లీడు ఏదో చెప్పమని కలకత్తాలో పేరున్న డాక్టర్లకు ఉత్తరాలు రాశారు. మహేంద్రలాల్ సర్కార్ వంటి దేశీయ వైద్యులు, ఆంగ్లేయ వైద్యులు జవాబులిచ్చారు. అప్పటి ఆచారంతో పోలిస్తే వాళ్లు చెప్పిన వయసులు చాలా ఎక్కువ. చివరికి చట్టంలో అమ్మాయికి 14, అబ్బాయికి 18 అని పెట్టారు. ఈ దేశంలో పెళ్లి కనీస వయసును వైద్యుల మాట మీద చట్టంలోకి ఎక్కించిన తొలి ప్రయత్నాలలో ఇదొకటి.

అంతా సాఫీగా సాగుతుందనుకున్న వేళ, ఎవరూ ఊహించని వైపు నుంచి అడ్డు వచ్చింది. ఆది బ్రహ్మసమాజం అభ్యంతర పత్రం సమర్పించింది. మేమూ బ్రాహ్ములమే. మా పెళ్లిళ్లు హిందూ పెళ్లిళ్లే. బ్రాహ్ముల పేరుతో చట్టం చేస్తే మేం హిందూ సమాజానికి బయటివాళ్లమని సర్కారు ముద్ర వేసినట్టవుతుంది. ఆ చట్టం మాకు వద్దు.

ఈ వాదనకు బలం లేకపోలేదు. దేవేంద్రనాథ్‌కు బ్రహ్మవాదమంటే ఉపనిషత్తుల అసలు ధర్మం. తన దృష్టిలో హిందూ ధర్మానికి నికార్సయిన వారసుడు తానే. అలాంటివాణ్ణి పట్టుకుని నువ్వు హిందువువి కావు పొమ్మంటే ఊరుకుంటాడా? కేశవుని వర్గం ఎదురు దెబ్బ తీసింది: హోమం లేనప్పుడు మీ పెళ్లీ శాస్త్రం ప్రకారం చెల్లదు, పండితులను అడగండి. రెండు వైపులా పండితుల అభిప్రాయాలు పోగయ్యాయి. విగ్రహాన్ని వద్దన్న రెండు వర్గాలూ శాస్త్రం తెలిసిన పండితుల గడప దగ్గర నిలబడడం ఆ ఏడాది కలకత్తా చూసిన వింత.

స్టీఫెన్ కత్తితో కోసినట్టు ఒక మార్గం తీశారు. బ్రాహ్ముల పేరు బిల్లులోంచి తీసేశారు. ఈ దేశంలో తెలిసిన మతాలన్నిటి పేర్లూ వరసగా రాసి, వీటిలో దేనికీ చెందనివాళ్లకు ఈ చట్టం అన్నారు. ఆయన తర్కం ఇది: మతంలో ఉండదలుచుకుంటే ఆ మతం పెళ్లి ధర్మానికి కట్టుబడు. కాదనుకుంటే బయటికి రా, నీకు వేరే దారి ఉంది. ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడతానంటే కుదరదు.

ఆది సమాజానికి ఊరట దొరికింది, సనాతనులకు భయం తగ్గింది, కేశవునికి చట్టం దొరికింది. పైకి అందరూ గెలిచారు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో అండమాన్‌లో హత్యకు గురయ్యారు. తాత్కాలిక వైస్రాయిగా మన మద్రాసు గవర్నరు లార్డ్ నేపియర్ కలకత్తా వెళ్లారు. ఆయన హయాంలోనే, మార్చిలో, బిల్లు చట్టమైంది. బహుభార్యాత్వం నేరం, విడాకులకు అవకాశం, పెళ్లికి 14 రోజుల ముందు నోటీసు, 21 ఏళ్లు నిండకపోతే తండ్రి లేదా సంరక్షకుడి అనుమతి. ఇంగ్లండులో కూడా అంత సులువుగా దొరకని సంస్కరణలు కొన్ని అందులో ఉన్నాయి. వాటన్నిటి ముందూ గుమ్మంలో ఆ సంతకం.

ఆ సెప్టెంబరులోనే ఆది సమాజానికి చెందిన రాజనారాయణ్ బోస్ హిందూ ధర్మ శ్రేష్ఠత మీద కలకత్తాలో ఉపన్యాసమిచ్చారు. సభకు అధ్యక్షుడు దేవేంద్రనాథ్. అరవిందుని తాతగారు ఈ రాజనారాయణ్ బోసే. హిందువును కానని రాసివ్వమన్న చట్టం, హిందువునని గట్టిగా చెప్పుకోవాలన్న పట్టుదలకు ఊపిరి పోసిందన్నమాట.

రాజమండ్రి పెళ్లి, మద్రాసు పెళ్లి

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన పంతులు గారి రెండు పెళ్లిళ్లనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

1856 చట్టం కింద వితంతువు హిందువుగానే ఉండి పెళ్లాడవచ్చు. కన్యకు ఏ మంత్రాలు చదివితే పెళ్లి అవుతుందో, వితంతువుకూ అవే మంత్రాలు చాలునని ఆ చట్టం ఆరో సెక్షను చెప్పింది. అందుకే 1881లో రాజమండ్రిలో పంతులు గారు పరాశర స్మృతిని చూపించి, శాస్త్రం మా వైపే ఉందని వాదించగలిగారు. ఆ పెళ్లికూతురు మతాన్ని వదులుకోలేదు. వదులుకున్నది ఆస్తిని. మొదటి భర్త ఆస్తి మీద ఆమెకు ఏ కాస్త హక్కు ఉన్నా, మళ్లీ పెళ్లాడితే పోతుందని అదే చట్టం రెండో సెక్షను.

1872 చట్టం కింద ఆస్తి పోదు. మతం పోతుంది. పదిహేడేళ్ల తేడాతో పంతులు గారు నిలబడ్డ రెండు పీటల దగ్గరా శుల్కం ఉంది. చెల్లించే నాణెం మారింది.

కూచ్ బిహార్‌లో తిరగబడ్డ కథ

చట్టం కోసం పోరాడిన కేశవుడే ఆరేళ్లకు ఆ చట్టాన్ని దాటవేయాల్సి వచ్చింది. 1878 మార్చి 6న ఆయన కుమార్తె సునీతీ దేవికి కూచ్ బిహార్ యువ మహారాజుతో పెళ్లయింది. వధువుకు 14 నిండలేదు, వరుడికి 16 నిండలేదు. సంస్థానంలో బ్రిటిషు ఇండియా చట్టం వర్తించదు. రాజకుటుంబం పట్టుబట్టడంతో హిందూ పురోహితులు తంతు జరిపించారు.

డాక్టర్లకు ఉత్తరాలు రాసి పెళ్లీడు తేల్చిన మనిషి ఇలా చేయడం అనుచరులకు పిడుగుపాటు అయింది. ఇది దైవాదేశం అన్నారు కేశవుడు. ఆయనకు అదీ మతస్వేచ్ఛే. శివనాథ శాస్త్రి ముందుండగా ఆ మే నెలలో అసమ్మతి వర్గం విడిపోయి సాధారణ బ్రహ్మసమాజం పెట్టుకుంది. పెళ్లి విషయంలో చీలిన సమాజం మళ్లీ పెళ్లి విషయంలోనే చీలింది.

ఆస్తి దగ్గరికొస్తే హిందువే

సరోజిని పెళ్లయిన 1898లోనే లాహోర్‌లో సర్దార్ దయాళ్ సింగ్ మజీఠియా కన్నుమూశారు. ట్రిబ్యూన్ పత్రిక స్థాపకుడు, బ్రహ్మసమాజీకుడు. ఆస్తిలో చాలా భాగం కళాశాలకు, పత్రికకు రాసిపోయారు. ఆయన భార్య భగవాన్ కౌర్ కోర్టుకెళ్లారు. ఆయన బ్రాహ్ముడు, కాబట్టి హిందువు కాదు, హిందూ ధర్మశాస్త్రం ఆయనకు వర్తించదు అన్నది ఆమె వాదనల్లో ముఖ్యమైనది. వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1903లో తీర్పు వచ్చింది: బ్రాహ్ముడైనంత మాత్రాన మనిషి హిందువు కాకుండా పోడు.

పెళ్లికి వెళ్తే హిందువును కానని రాసివ్వాలి. పోయాక ఆస్తి పంపకానికొస్తే హిందువే అంటారు. తర్వాత 1922లో కలకత్తా హైకోర్టు మరో అడుగు వేసి, 1872 చట్టం కింద ఆ ప్రకటన మీద సంతకం పెట్టినవాడు కూడా వారసత్వం లెక్కలో హిందువుగానే మిగలవచ్చునని చెప్పింది. అంటే యాభై ఏళ్లపాటు వందల దంపతులను ఇబ్బంది పెట్టిన ఆ వాక్యానికి, అవతలి గదిలో విలువే లేదు.

జిన్నా మాట, గౌర్ చట్టం

1911లో భూపేంద్రనాథ్ బసు కేంద్ర శాసన మండలిలో ఒక సవరణ పెట్టారు. కోరింది చిన్నదే, ఆ ప్రకటనను తీసేయండి. గోఖలే సమర్థించారు. ముస్లిం సభ్యుడిగా ఎన్నికై వచ్చిన యువ న్యాయవాది మహమ్మదలీ జిన్నా కూడా సమర్థించారు. ఇస్లామీయ ధర్మశాస్త్రం ఒప్పదు కదా అన్నవాళ్లకు ఆయన జవాబు, ఇంతకు ముందు ప్రభుత్వం ఎన్ని విషయాల్లో ఆ శాస్త్రాన్ని దాటి చట్టాలు చేయలేదు అని. 1912లో బిల్లు వీగిపోయింది.

ఆరేళ్లు గడిచాయి. 1918 ఏప్రిల్‌లో జిన్నా పార్సీ యువతి రతన్‌బాయి పెటిట్‌ను పెళ్లాడారు. పెళ్లికి ముందు రోజు ఆమె ఇస్లాం స్వీకరించారు. ఇద్దరూ తమ తమ మతాల్లోనే ఉండి పెళ్లాడే దారిని ఏ చట్టం ఇచ్చేదో, ఆ చట్టం మండలిలో ఓడిపోయి ఉంది.

నాగపూర్ న్యాయవాది సర్ హరిసింగ్ గౌర్ 1921లో మళ్లీ పట్టుబట్టారు. ఆయన అందరికోసం రాసిన బిల్లు చర్చల్లో కుంచించుకుపోయి 1923లో చట్టమైంది. హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము మతాన్ని కాదనకుండా పెళ్లాడవచ్చు. ముస్లిములు, క్రైస్తవులు, పార్సీలు, యూదులకు పాత సంతకమే దిక్కు.

ఊరికే ఇవ్వలేదు. ఆ చట్టంలో చేర్చిన షరతులు చదివితే వంద ఏళ్ల తర్వాత కూడా మనసు చివుక్కుమంటుంది. ఈ చట్టం కింద పెళ్లాడినవాడు ఆ క్షణం నుంచి ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినట్టే. దత్తత తీసుకునే హక్కు లేదు. ధర్మసంస్థల నిర్వహణలోనూ, అర్చకత్వంలోనూ హక్కు లేదు. అన్నిటికంటే చేదైనది చివరిది. ఆ కొడుకు తప్ప తండ్రికి వేరే మగబిడ్డ లేకపోతే, తండ్రి ఇంకొకరిని దత్తత తెచ్చుకోవచ్చు. కొడుకుండగా దత్తత లేదన్నది శాస్త్రం. కాబట్టి ఆ ఇంట్లో కొడుకు బతికుండగానే చట్టం వాడికి తర్పణం విడిచేసిందన్నమాట.

అయినా ఆ సందు కొందరికి దారి ఇచ్చింది. 1933లో జవహర్‌లాల్ నెహ్రూ చెల్లెలు కృష్ణ జైన కుటుంబపు యువకుణ్ణి పెళ్లాడింది ఈ చట్టం ఆసరాతోనే. నెహ్రూ కూతురు ఇందిర దగ్గరికొచ్చేసరికి ఆ ఆసరా లేదు. వరుడు ఫిరోజ్ పార్సీ. 1942 మార్చిలో అలహాబాదులో వైదిక పద్ధతిలో పెళ్లి జరిపించారు. చట్టం ముందు దానికి ఎంత బలముందన్న చర్చ చరిత్రకారులు ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు.

ఒక్క మాట మార్చిన ముసలాయన

బెజవాడ నాస్తికోద్యమ నాయకుడు గోరా తన పెద్ద కుమార్తెను దళిత యువకుడికిచ్చి పెళ్లి చేయాలని నిశ్చయించుకున్నారు. పెళ్లి సేవాగ్రామ్ ఆశ్రమంలో జరిపిస్తానని గాంధీ మాటిచ్చారు. ఒక చిక్కు వచ్చింది. ఆశ్రమంలో పెళ్లి ప్రమాణం దేవుని పేర ఉంటుంది. గోరా కుటుంబం దేవుణ్ణి నమ్మదు. గాంధీ ప్రమాణంలో దేవుని మాట తీసి సత్యం మాట పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆ పెళ్లి చూడకుండానే 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యారు. మార్చిలో సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్లి జరిగింది.

స్టీఫెన్ పద్ధతిలో చట్టం వేసిన వాక్యంలోకి దంపతులు ఒదగాలి. జీవితమంతా రామనామం జపించిన గాంధీ, నమ్మని జంట కోసం తన వాక్యాన్నే సవరించుకున్నారు. మతస్వేచ్ఛకు, పెళ్లి చట్టానికి మధ్య తగవు తీర్చే సూత్రమంటూ ఒకటుంటే అది ఆ సవరణలో ఉందని నాకనిపిస్తుంది.

మతం అడగని కాగితం

స్వతంత్ర భారతం 1954లో ప్రత్యేక వివాహ చట్టం చేసింది. 1955 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1872 చట్టం రద్దయింది, దానితోపాటు ఆ ప్రకటనా పోయింది. ఏ మతంవాళ్లు ఏ మతంవాళ్లనైనా, ఎవరి మతంలో వాళ్లుంటూనే చేసుకోవచ్చు. ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడే నియమం మాత్రం హిందువుల వరకు మిగిలింది. ఇద్దరూ హిందువులైతే అది వర్తించదని 1976లో సవరించారు. హిందువు ముస్లింనో, క్రైస్తవురాలినో చేసుకుంటే నేటికీ వర్తిస్తుంది. గౌర్ చట్టం నీడ ఇంకా పూర్తిగా తొలగలేదు.

ఈ రోజు ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకైనా వెళ్లి ఈ చట్టం కింద పెళ్లి నోటీసు ఫారం అడగండి. పేరు, వయసు, వృత్తి, ఇంతకు ముందు పెళ్లయిందా, ఎక్కడ ఉంటున్నారు, ఎన్నాళ్లుగా ఉంటున్నారు. మతం గడి లేదు. 1872లో గుమ్మానికి అడ్డంగా నిలిచిన ప్రశ్న ఈ కాగితంలో ఎక్కడా కనపడదు.

చిరునామా గడి ఉంది. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా అంటించాలి. 30 రోజులు అది అక్కడే ఉంటుంది. చట్టంలో చెప్పిన కారణాల మీద ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. కులం, మతం ఆ కారణాల్లో లేవు. కానీ అభ్యంతరం రాసిచ్చేవాడికంటే, చిరునామా రాసుకుని పోయేవాడంటేనే జంటకు భయం. ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లకు నెలరోజులంటే నెల కాదు. మన హైదరాబాదులో ప్రేమజంటలు ఇప్పటికీ ఆర్యసమాజ్ మందిరం దారి పట్టడానికి ఇదొక కారణం. ఆ పెళ్లిళ్లకు 1937లోనే వేరే చట్టం అండ దొరికింది. ఇద్దరిదీ ఒకే మతం కాకపోతే అక్కడా మతం మార్పిడి మాట వస్తుంది. ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల మతం మారదలిచినవాళ్లు 60 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు చెప్పుకోవాలి. ఇక ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి నోటీసు అంటించాలో వద్దో జంట ఇష్టానికే వదలాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు అంది. దేశమంతటికీ వర్తించే చట్టంలో ఆ నియమం అలాగే ఉంది.

రాజమండ్రి వధువు ఆస్తి ఇచ్చుకుంది. మద్రాసు వధువును మతం అడిగారు. 1923 తర్వాత కొడుకులు ఇల్లు ఇచ్చుకున్నారు. ఇప్పటివాళ్లు 30 రోజులు, ఒక చిరునామా ఇచ్చుకుంటున్నారు. రేటు తగ్గుతూ వచ్చిన మాట నిజం. ఇది ఇంకా శుల్కమేనా, లేక న్యాయమైన జాగ్రత్తా అన్నది ఆ నోటీసు బోర్డు ముందు నిలబడి, అందులో తమ పేరు ఉన్నవాళ్లు చెప్పాల్సిన మాట.

(వచ్చే వారం: పదకొండేళ్ల వయసులో జరిగిన పెళ్లిని పెళ్లిగా ఒప్పుకోనని, కాపురానికి వెళ్లడం కంటే జైలుకు వెళ్తానని బొంబాయి హైకోర్టుకు చెప్పిన రుఖ్మాబాయి కథ.)